సంగటి వద్దు, పులగూర వద్దు అనే బిడ్డకు తిండి అలవాటు చేయడం ఎలా

తిరుపతైనా పలమనేరైనా రాత్రి ఏడున్నరకు చాలా ఇళ్లలో ఒకటే గోల. ముందర బిడ్డ, వెనకాల పప్పన్నం గిన్నెతో అమ్మ. టీవీ దగ్గర రెండు ముద్దలు, మిద్దె మీద చందమామను చూపించి రెండు, వాకిట్లో కుక్కను చూపించి ఇంకో రెండు. ఎనిమిదిన్నరకు చూస్తే గిన్నెలో ముప్పాతిక అట్లే ఉంటుంది. "మావాడు పెరుగన్నం, చిప్సు తప్ప ఏదీ ముట్టడు" అనే మాట ఆ గిన్నె కడిగేటప్పుడు పుడుతుంది.

మనం "బిడ్డకు తినిపించినావా?" అని అడిగినంతగా "బిడ్డ తిన్నాడా?" అని అడగం. కింద రాసిన పద్ధతంతా ఆ రెండో ప్రశ్న కోసమే. ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా, ఆడుతూ పాడుతూ ఉండే పిల్లలకు ఇది పనికొస్తుంది. ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పిల్లల కంటే పెద్దవాళ్లకే కష్టం. కావలసినవి ఒక నోటుబుక్కు, కొలత గీతలున్న గ్లాసు, ఒక టీస్పూను, బిడ్డకంటూ ఒక చిన్న పళ్లెం.

పేచీ ఎక్కడి నుంచి వస్తుంది

మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది. ఆ తర్వాత ఐదేళ్ల దాకా ఏడాదికి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. సరిగ్గా అప్పుడే "మొన్నటిదాకా బాగా తినేవాడు, ఇప్పుడు మానేశాడు" అనిపిస్తుంది. మానలేదు, అవసరం తగ్గింది.

రెండోది కొత్త తిండి అంటే భయం. నడక వచ్చిన బిడ్డ కనపడినదల్లా నోట్లో పెట్టుకుంటే ప్రమాదం కాబట్టి రెండేళ్లకు అటూ ఇటూగా ఈ భయం మొదలై, ఐదారేళ్ల దాకా గట్టిగా ఉండి, మెల్లగా తగ్గుతుంది. చేదుగా, ఆకుపచ్చగా, జిగటగా ఉన్నవాటి మీద అనుమానం ఎక్కువ. ఇందులో పుట్టుకతో వచ్చే వాటా కూడా పెద్దదే. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాల్లోకి లేచినప్పుడు పక్కనున్నాయనకు నోరంతా చేదైతే, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. చేదును పట్టుకునే జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడా ఉందని అక్కడి నుంచి బయటపడింది. ఒకే ఇంట్లో అక్క కాకరకాయ కరకరా నమిలితే తమ్ముడు ఓకరిస్తాడు. వాడి నాలుకకు అది నిజంగానే అంత చేదు. మొండితనమని వీపు మీద ఒకటిస్తే చేదు తగ్గదు.

మూడోది తల్లి తిన్న తిండి. ఉమ్మనీటిలోకీ చనుబాలలోకీ తల్లి తినేవాటి వాసన దిగుతుంది. గర్భంతో ఉన్న చివరి మూడు నెలల్లోనో, పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారెట్ కలిపిన గుజ్జును తేలిగ్గా ఒప్పుకున్నారని జూలీ మెనెల్లా బృందం 2001లో చూపించింది. బాలింతకు నెలల తరబడి ఒట్టి మిరియాల చారు, వేయించిన తెల్లగడ్డ కారంతోనే అన్నం పెట్టే ఇళ్లు ఇది ఒకసారి ఆలోచించుకోవాలి. తోటకూర, గుమ్మడికాయ, మునగాకు ఆమె తింటే బిడ్డకు అదే మొదటి పాఠం.

నాలుగోది రోజూ కళ్ల ముందు జరిగేది. నాయన పళ్లెం అంచుకు ఆకుకూర తోసేస్తుంటే బిడ్డకు వేరే చెప్పక్కర్లేదు.

మొదటి పని: మూడు రోజులు ఉన్నదున్నట్టు రాయండి

ఏదీ మార్చకండి. బిడ్డ నోట్లోకి పోయిన ప్రతిదీ, అవ్వ కొంగు చాటున పెట్టిన బిస్కెట్‌తో సహా, గంట వేసి రాయండి. మూడేళ్ల లోపు బిడ్డ రోజు సాధారణంగా ఇట్లా బయటపడుతుంది:

ఉదయం 7: పాలు 250 మిల్లీలీటర్లు, రెండు స్పూన్ల చక్కెర. 8:30: ఇడ్లీ సగం. 10: బిస్కెట్లు నాలుగు. 11:30: మళ్లీ పాలు 250. మధ్యాహ్నం 1: అన్నం నాలుగు ముద్దలు. 5: పాలు 250. 6:30: చిన్న చిప్సు పొట్లం. 7:30: యుద్ధం.

ఇప్పుడు కూడండి. ప్యాకెట్ టోన్డ్ పాలు 750 మిల్లీలీటర్లంటే సుమారు 450 క్యాలరీలు. ఆరు స్పూన్ల చక్కెర 120. బిస్కెట్లు 90, చిప్సు 120. మొత్తం 780. ఈ వయసు బిడ్డకు రోజుకు కావలసింది వెయ్యి చిల్లర. మిగిలిన రెండు వందల పైచిలుకు సగం ఇడ్లీ, నాలుగు ముద్దల అన్నంతో తీరిపోయింది. రాత్రికి బిడ్డ నోరు మూసుకుందంటే దాని కడుపు లెక్క సరిగ్గా ఉందని అర్థం. పాలలో గేదెపాలో, ఏదైనా పొడో కలిపితే లెక్క ఇంకా పైకి పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాలలో ఇనుము దాదాపు ఉండదు. పాలతోనే కడుపు నింపుకునే పిల్లలకు ఇనుము తగ్గుతుంది, ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేదని ఇంకో గ్లాసు పాలు పడతాయి. మలబద్ధకం దీనికి తోడు.

రెండో పని: పూటలు కట్టండి, పాలు తగ్గించండి

రోజుకు మూడు భోజనాలు, రెండు చిరుతిళ్లు. ఉదయం 8, పదిన్నర, మధ్యాహ్నం ఒంటి గంట, సాయంత్రం నాలుగున్నర, రాత్రి ఏడున్నర. మీ ఇంటిని బట్టి అరగంట అటూ ఇటూ జరుపుకోవచ్చు గానీ, పూటకూ పూటకూ మధ్య రెండున్నర గంటలు తగ్గకూడదు. ఆ మధ్యలో నీళ్లు తప్ప ఏదీ వద్దు. జ్యూసు, బిస్కెట్, "ఒక్క బొరుగుల గుప్పెడు" కూడా లెక్కలోకే వస్తాయి. బొరుగులు, వేయించిన శనగపప్పు పొడి, అరటిపండు, ఉడికించిన అలసందలు చిరుతిండి వేళకు పెట్టండి.

పాలు రోజుకు 400 మిల్లీలీటర్లు చాలు. ఒక్కసారిగా కోస్తే ఇల్లు పీకి పందిరేస్తారు. రెండు రోజులకోసారి ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు తగ్గిస్తూ రండి. వారం పది రోజుల్లో 750 నుంచి 400కు దిగొచ్చు. చక్కెర కూడా అట్లే, రెండు స్పూన్ల నుంచి ఒకటిన్నర, ఒకటి, అర. పాల సీసా ఇంకా వాడుతుంటే దాన్ని ముందు తీసేయండి. సీసాతో పాలు నిద్రలో కూడా లోపలికి పోతాయి, పళ్లూ పుచ్చుతాయి. పాలు భోజనానికి ముందు ఎప్పుడూ వద్దు, తిన్న తర్వాతే.

ఈ ఒక్క పనితోనే చాలా ఇళ్లలో మధ్యాహ్నం అన్నం దానంతటదే పెరుగుతుంది. కొత్త వంటలేవీ ఈ వారం మొదలుపెట్టకండి, ఆకలి దారికి రానివ్వండి.

మూడో పని: కూర్చోబెట్టడం

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పిన పంపకం ఒకటుంది, పిల్లల డాక్టర్లు చాలామంది దాన్నే వాడతారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. మన ఇళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. ఏం కావాలో బిడ్డ చెబుతాడు, ఎంత తినాలో అమ్మ నిర్ణయిస్తుంది.

ఇంటిల్లిపాదీ కింద కూర్చుని తినే ఇల్లయితే బిడ్డనూ పంక్తిలోనే కూర్చోబెట్టండి. కుర్చీ అయితే కాళ్లు వేలాడకూడదు, కింద ఒక పీట వేయండి. కాళ్లు ఊగులాడే బిడ్డ స్థిమితంగా నమలలేదు. పూటకు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. అంతే. ఆ తర్వాత ఏం మిగిలినా, మొహం మార్చుకోకుండా పళ్లెం తీసేయండి. "సరే, అయిపోయింది. మళ్లీ నాలుగున్నరకు తిందాం." ఈ మాట చెప్పాక అరగంటకే "ఆకలేస్తుందేమోలే" అని దోసె పోసిస్తే, ఏడిస్తే దోసె వస్తుందన్న సంగతి బిడ్డకు ఎప్పటికీ గుర్తుంటుంది.

ఒక పూట తక్కువ తింటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఏమీ కాదు. మూడు రోజుల మొత్తం చూడండి, ఒక పూట చూడకండి.

ఫోను చూపించి తినిపించే ఇంట్లో దాన్ని మాన్పించడమే పెద్ద గండం. ఫోను చూస్తూ మింగే బిడ్డకు నోట్లో ఏముందో తెలియదు, కడుపు నిండిందనీ తెలియదు. నెలకు తొంభై సార్లు తోటకూర తిన్నా దాని రుచి తెలియకుండానే పోతుంది. మొదటి రోజు ఉదయం టిఫిను మాత్రం ఫోను లేకుండా, రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం కూడా, చివరన రాత్రి. పది రోజుల్లో అయిపోతుంది. ఆ పది రోజులు తినేది తగ్గుతుంది, ముందే తెలుసుకుని ఉండండి. పెద్దల ఫోన్లూ పక్క గదిలోనే.

నాలుగో పని: పళ్లెంలో ఏం, ఎంత

ఒక్కో పదార్థం వయసుకో పెద్ద చెంచా. రెండేళ్లకు రెండు చెంచాల అన్నం, రెండు చెంచాల పప్పు. నాలుగేళ్లకు నాలుగు. ఇదేం తిండి అనిపిస్తుంది, కానీ ఇది మొదటి వడ్డన, అడిగితే మళ్లీ వేయాలి. పళ్లెం నిండా గుట్ట పోస్తే చూడగానే బిడ్డకు నీరసం వస్తుంది.

ప్రతి పూటా బిడ్డ మామూలుగా తినేవి రెండు ఉండాలి. పెరుగన్నం, పప్పు అనుకోండి. కొత్తది ఒకటే, అదీ శనక్కాయ గింజంత. ఇది బలవంతం లేకుండా పక్కన పడి ఉంటుంది. బిడ్డ కోసం వేరే వంట చేయకండి, ఇంటి వంటలోనే కారం వేయకముందు బిడ్డ వాటా తీసిపెట్టండి. వేరు వంట మొదలైతే ఆపడం కష్టం.

ఐదో పని: పులగూరను మెట్టు మెట్టుగా

ఆకుకూరలన్నింట్లోకి పులగూరతో, అంటే ఆకును బేళ్లతో ఉడికించి మెదిపే పుల్లటి కూరతో, మొదలుపెట్టడం మేలు. ఆకు ఆకుగా కనపడదు, మెత్తగా ఉంటుంది, పులుపు ఉంటుంది. పిల్లలకు పులుపంటే పెద్దల కంటే మక్కువ. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో మూడో వంతుకు పైగా, పెద్దలు మొహం చిట్లించే పులుపును ఇష్టంగా తిన్నారని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెబుతుంది. ఉప్పూ కారం అద్దిన పచ్చి మామిడి ముక్క దగ్గర పిల్లలను చూసినవాళ్లకు పరిశోధన అక్కర్లేదు.

నలుగురికి కొలత: తోటకూర రెండు కట్టలు, చుక్కకూర అర కట్ట, కందిబేళ్లు పావు కప్పు, టమోటాలు రెండు, ఎర్రగడ్డ సగం, తెల్లగడ్డ రెబ్బలు నాలుగు, చీల్చని పచ్చిమిరపకాయలు రెండు, ఉప్పు ముప్పాతిక టీస్పూను. చుక్కకూర దొరక్కపోతే శనక్కాయ గింజంత చింతపండు.

తోటకూరలో ముదురు కాడలు పూర్తిగా తీసేయండి. పిల్లలు ఉమ్మేది ఆకును కాదు, నమిలినా తెగని నారను. ఆకును మూడు నీళ్లలో కడగండి, ప్రతిసారీ ఆకును పైకి తీసి నీళ్లు పారబోయాలి, గిన్నె వంచకూడదు. పంటి కింద ఒక్క ఇసుక రేణువు పడితే నెల రోజుల శ్రమ పోతుంది. బేళ్లు విడిగా మెత్తగా ఉడికించి, ఆకు, టమోటా, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, మిరపకాయ వేసి మూత లేకుండా ఎనిమిది నిమిషాలు ఉడకనివ్వండి. నీళ్లు వేరే గిన్నెలోకి వంచి, మిరపకాయలు పక్కకు తీసి, ఉప్పు వేసి పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు, జిగురు వస్తుంది. వంచిన నీళ్లు తిరిగి కలిపి, బిడ్డ వాటా కూర రెండు చెంచాలు తీసి, అందులో అర టీస్పూను నెయ్యి వేయండి. ఆ తర్వాత మిరపకాయలు మెదిపి పెద్దవాళ్లకు తాళింపు పెట్టుకోండి. ఉప్పు నాలుక మీద చేదును అణుస్తుంది. అందుకని బిడ్డ కూర బొత్తిగా చప్పగా చేయకండి, అట్లని పెద్దలంత ఉప్పూ వద్దు. ఏడాది లోపు పిల్లలకు ఉప్పు అసలు అక్కర్లేదు.

ఇప్పుడు మెట్లు. వారానికి మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ ఇదే కూర, ఇదే రుచి.

మొదటి రెండు సార్లు పులగూర గిన్నె పంక్తి మధ్యలో ఉంటుంది. బిడ్డ చేత నాయనకు ఒక గరిటె వేయించండి. తినమని అనకండి.

మూడు, నాలుగు సార్లు బిడ్డ పళ్లెం అంచున శనక్కాయ గింజంత పెట్టండి. తోసేసినా, వేలితో నలిపినా ఊరుకోండి.

ఐదోసారి నుంచి పక్కన ఒక చిన్న గిన్నె పెట్టి, "నాలుక మీద పెట్టుకుని చూడు, నచ్చకపోతే ఇందులో ఉమ్మేయొచ్చు" అని ఒక్కసారి చెప్పండి. ఉమ్మే గిన్నె చాలామంది అవ్వలకు మింగుడు పడదు, అన్నాన్ని ఉమ్మడమేమిటని. కానీ బయటికి దారి ఉందని తెలిసిన బిడ్డే ధైర్యంగా లోపలికి తీసుకుంటుంది. ఉమ్మినా అది ఒక రుచి కిందే లెక్క. చూడడం కంటే నాలుకకు తగలడమే పని చేస్తుంది.

ఎనిమిదో సారికి, పదో సారికి కొందరు అర చెంచా తింటారు. పదిహేను దాకా పట్టేవాళ్లూ ఉన్నారు. నోటుబుక్కులో ప్రతిసారీ ఒక గీత గీయండి. గీతలు లెక్కపెట్టకపోతే మూడు సార్లకే "ఎన్నిసార్లు పెట్టినా తినలేదు" అనిపిస్తుంది. చాలామంది ఓడిపోయేది ఇక్కడే.

ఇక్కడ జరిగే తప్పులు మరికొన్ని. ఒకరోజు పులగూర, మర్నాడు పాలకూర పప్పు, ఆ మర్నాడు మునగాకు వేపుడు పెడితే, బిడ్డకు మూడూ మొదటిసారే. ఒకటి పట్టుకుని సాధించాక రెండోది. ఆకును రుబ్బి దోసెపిండిలో దాచడం ఇంకో తప్పు. దానివల్ల ఆకు కడుపులోకి పోతుంది గానీ అలవాటు కాదు. పైగా కనిపెట్టిన రోజున బిడ్డ దోసెను కూడా నమ్మదు. పచ్చదోసె చేయాలనిపిస్తే, "ఇది పాలకూర దోసె" అని చెప్పి, ఆకు బిడ్డ చేతనే మిక్సీలో వేయించి చేయండి.

ఆరో పని: సంగటి

పులగూరలో చిక్కు రుచితో, సంగటిలో చిక్కు నోటికి తగిలే తీరుతో. పెద్దలు సంగటిని నమలరు, పులుసులో అద్ది మింగుతారు. ఈ సంగతి బిడ్డకు ఎవరూ చెప్పరు. బిడ్డ అన్నంలాగే నమలబోతే అది అంగిటికి అతుక్కుంటుంది, ఓకరింత వస్తుంది, ఇక జన్మలో వద్దంటుంది.

మొదటి రెండు వారాలు రాగిపిండి తక్కువ వేయండి. నానబెట్టిన బియ్యం లేదా నూకలు అర కప్పు, నీళ్లు మూడు కప్పులు, రాగిపిండి పావు కప్పు. మెతుకు నలిగిపోయేదాకా ఉడికించి, పిండిని పైన కుప్పగా పోసి, కలపకుండా తెడ్డు కాడతో మధ్యలో గుంత చేసి, మూతపెట్టి సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. దించి గట్టిగా కెలకండి. పిండి వేసిన వెంటనే కెలికితే ఉండలు కడుతుంది. ఉండ లోపల పచ్చిపిండి నాలుకకు తగిలితే బిడ్డ సంగటి జోలికి రాదు. మూడో వారం నుంచి పిండిని ఒక్కో చెంచా పెంచుతూ నెలకు సమానంగా తెచ్చుకోవచ్చు. తొందరేం లేదు.

చేయి తడి చేసుకుని రేగ్గాయంత ముద్ద చేయించండి, నెయ్యి రాయించండి, పప్పులోనో కారం తగ్గించిన కోడి పులుసులోనో ముంచమనండి. శనక్కాయల ఊరిబిండి కారం లేకుండా రుబ్బి పక్కన పెడితే ఇంకా మంచిది. శనక్కాయ పప్పులు నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. నూరిందో, పొడి చేసిందో పెట్టండి. ద్రాక్ష పండును నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

పాలు తగ్గించామే, కాల్షియం సంగతేమిటని దిగులు పడేవాళ్లకు: రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పెరుగూ మజ్జిగా ఉండనే ఉన్నాయి.

అనపగింజల కాలంలో చేయించాల్సిన పని

సంక్రాంతికి ముందు మార్కెట్‌కు అనపకాయలు వస్తాయి. ఒలిచిన గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. నానిన గింజను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి, పప్పు టప్పుమని ఎగిరి గిన్నెలో పడుతుంది. గిన్నెలో కొన్ని, గోడకు కొన్ని. పితికిపప్పు చేసే ఈ ఆటకు రెండున్నరేళ్ల పిల్లలు కూడా అరగంట కదలకుండా కూర్చుంటారు. చేతికి అలవాటైన వాసన నోటికి కొత్త కాదు. తాను పితికిన పప్పు కూరలో కనపడితే వెతుక్కుని తినే పిల్లలు చాలామంది. ఆ కాలం కాకపోతే చింతచిగురు దూయడం, కరివేపాకు రెమ్మ ఒలవడం, టమోటా కడగడం, దోసెకాయ ముక్కలు పళ్లెంలో సర్దడం. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

ఏం అనాలి, ఏం అనకూడదు

"ఒక్క ముద్ద తింటే చాక్లెట్ ఇస్తా" అనేది మానుకోవలసిన మొదటి మాట. లియాన్ బర్చ్ బృందం 1984లో ప్రచురించిన ప్రయోగంలో, కొత్త పానీయం తాగితే బహుమతి ఇస్తామన్న పిల్లలకు ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. లంచం ఇచ్చి తినిపించాల్సిందంటే అది చెడ్డదే అయి ఉండాలని బిడ్డ అనుకుంటుంది. చాక్లెట్ విలువ మాత్రం పెరుగుతుంది. కొండ మీది నుంచి ఎవరో తెచ్చిన లడ్డూ ఇంట్లో ఉంటే దాన్ని బీరువా మీద దాచి ఊరించకండి. రేగ్గాయంత ముక్క భోజనంతో పాటే పళ్లెంలో పెట్టేయండి. ముందు తిన్నా సరే. బహుమతి కాకుండా పోతే దాని మీద రచ్చ కూడా పోతుంది.

"చూడు, పక్కింటి పాప ఎంత చక్కగా తింటుందో" అనకండి. నిజంగా పక్కింటి పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టండి. తోటి పిల్లలు తింటుంటే ముందు వద్దన్న కూరగాయను పిల్లలు మెల్లగా తినడం మొదలుపెట్టారని బర్చ్ 1980లోనే చూపించారు. ఇంట్లో గుడ్డు ముట్టని బిడ్డ అంగన్‌వాడీలో తినేది ఇందుకే. టీచర్ ఆ మాట చెబితే "అబద్ధం" అనుకోవద్దు.

"బూచోడొస్తాడు", "సూది వేయిస్తా" అన్న మాటలతో తిన్న బిడ్డకు రేపు ఆ పళ్లెం చూస్తేనే గుండె దడ. అతిగా పొగడడమూ తగ్గించండి. చప్పట్లు కొట్టి తినిపిస్తే చప్పట్లు లేని రోజు తినదు. బదులుగా తిండి గురించి మాట్లాడండి: "ఇది పుల్లగా ఉంది, చింతకాయలాగా." "దోసెకాయ నమిలితే చప్పుడొస్తుంది, నీకు వినపడిందా?"

అవ్వ ఉన్న ఇంట్లో ఈ మాట తప్పదు. "ఏమ్మా, బిడ్డ ఒట్టి కడుపుతో పండుకుంటాడా?" అని ఆమె అడిగితే వాదన పెట్టుకోకండి. "లేదత్తా, నాలుగున్నరకు తిన్నాడు, ఏడున్నరకు పెరుగన్నం తిన్నాడు, ఇదిగో రాసుంది" అని బుక్కు చూపించండి. ఆమెకు ఒక పని అప్పగించండి, నాలుగున్నర చిరుతిండి పూర్తిగా ఆమెదే. పెట్టే అధికారం చేతిలో ఉంటే చాటుగా పెట్టాల్సిన అవసరం ఉండదు.

పిల్లలకు ఏం కావాలో వాళ్ల ఒంటికే తెలుసని, వదిలేస్తే వాళ్లే తింటారని వాదించేవాళ్లు క్లారా డేవిస్ ప్రయోగాన్ని ఉదాహరిస్తారు. 1926లో మొదలైన ఆ ప్రయోగంలో 15 మంది పసిపిల్లలు తమంతట తామే ఎంచుకుని తిని ఆరోగ్యంగా పెరిగిన మాట నిజమే. కానీ వాళ్ల ముందు పెట్టిన 34 పదార్థాల్లో చక్కెర లేదు, బిస్కెట్ లేదు, పొట్లాలు లేవు. ఏది ఎంచుకున్నా అసలైన తిండే. ఎంపిక బిడ్డదే గానీ జాబితా పెద్దలది. మీ ఇంటి అలమరకూ అదే వర్తిస్తుంది. చిప్సు పొట్లం ఇంట్లో ఉంటే యుద్ధం ఉంటుంది, అంగట్లోనే ఉంటే సగం ఉంటుంది.

ఇంకా ఏడాది నిండని బిడ్డ ఉంటే

ఆరు నెలలు నిండగానే మెత్తని తిండి మొదలుపెట్టండి. కానీ అక్కడే ఆగిపోకండి. తొమ్మిది నెలలు దాటినా మిక్సీలో నున్నగా తిప్పి పెడుతూ ఉంటే, పలుకు తగిలే తిండి ఆలస్యమై, తర్వాత నమలడానికి మొరాయిస్తారు. ఏడో నెలలో చేత్తో మెదిపింది, తొమ్మిదికల్లా మెతుకు తెలిసేది, ఏడాదికి ఇంటి తిండి. కలగూరగంపలా అన్నీ కలిపి ఒక్క గుజ్జు చేయకుండా గుమ్మడికాయ గుమ్మడికాయలా, పప్పు పప్పులా విడిగా రుచి చూపండి. రెండేళ్ల దాకా చక్కెర వద్దు, ఏడాది దాకా తేనె వద్దే వద్దు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

బరువు మూడు నెలలుగా పెరగకపోయినా, తగ్గినా ఆగకండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ చేయి మోచేతికీ భుజానికీ మధ్య చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే వెంటనే చూపించాలి. అంగన్‌వాడీలో టేపు ఉంటుంది, అడిగితే కొలుస్తారు. మన్ను, బలపం, గోడ సున్నం తింటుంటే రక్తపరీక్ష చేయించండి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో, బళ్లలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించకండి.

మింగేటప్పుడు దగ్గు, ప్రతి భోజనానికీ వాంతి, నమలలేక బుగ్గలో దాచుకోవడం ఉంటే అది పేచీ కాదు. మొత్తం పది రకాలు కూడా తినని బిడ్డ, ఒక్కోటి మానేస్తూ పోయే బిడ్డ, తెల్లనివి మాత్రమే లేదా కరకరలాడేవి మాత్రమే తినే బిడ్డ, మాటా చూపూ కూడా ఆలస్యమైన బిడ్డ ఇంటి చిట్కాలతో తీరే కేసు కాదు. పిల్లల డాక్టర్‌కు చూపించి, తినడం నేర్పే థెరపీ గురించి అడగండి. ఆకలి పుట్టించే సిరప్‌లు అంగట్లో అడిగి తెచ్చుకోకండి. వాటిలో కొన్ని నిద్రమత్తు తెస్తాయి, ఆపగానే ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. వెళ్లేటప్పుడు నోటుబుక్కు పట్టుకెళ్లండి. "ఏమీ తినడు" అన్న మాట కంటే మూడు రోజుల లెక్క డాక్టర్‌కు ఎక్కువ చెబుతుంది.

మధ్యలో జ్వరం వస్తే

ఆరు వారాల్లో ఒకసారైనా జలుబో జ్వరమో తగులుతుంది. ఆ నాలుగైదు రోజులు మెట్లన్నీ పక్కన పెట్టి గంజి, మజ్జిగన్నం, ఇడ్లీ, ఏది లోపలికి పోతే అది పెట్టండి. పూటల లెక్క చూడకుండా కొంచెం కొంచెంగా తరచూ పెట్టండి, నీళ్లు బాగా తాగించండి. జ్వరం తగ్గాక రెండు మూడు రోజులకు ఆకలి తిరిగొస్తుంది. అప్పుడు పూటలు కట్టడం మళ్లీ మొదలుపెట్టండి. పులగూరను ఎక్కడ ఆపారో అక్కడి నుంచి కాకుండా రెండు మెట్లు కిందికి దిగి, పళ్లెం అంచున శనక్కాయ గింజంతతో మొదలుపెట్టండి. పాత గీతలు కొట్టేయక్కర్లేదు, ఈసారి తక్కువ సార్లకే నోట్లోకి పోతుంది.